సంక్రాంతికి నాలుగు రోజులు: చిలికా, గోపాల్‌పూర్, డుడుమ, బలిమెల అన్నీ ఒకే చుట్టులో వీలవుతాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళం నుంచి సొంత కారులో, సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు తిరగాలనుకుంటున్నారు. అమ్మగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. పిల్లలిద్దరూ పదేళ్లలోపు వాళ్లు. చిలికా, గోపాల్‌పూర్, తప్తపాణి వేడినీటి ఊట, డుడుమ జలపాతం, గుప్తేశ్వర్ గుహ గుడి, బలిమెల రిజర్వాయరు ఒకేసారి చూడొచ్చా, కుదరకపోతే ఏవి వదిలేయాలి అని అడిగారు.

వీలవదు. ఈసారి సముద్రం వైపే ఉండండి: గోపాల్‌పూర్, రంభ దగ్గర చిలికా, తంపర సరస్సు, ఓపిక మిగిలితే తప్తపాణి. డుడుమ, గుప్తేశ్వర్, బలిమెల అక్టోబరు చివర్లోనో నవంబరులోనో విడిగా పెట్టుకోండి.

నాది బరంపురం. మన తెలుగు కుటుంబాలను ఒడిశా దక్షిణ జిల్లాల్లో తిప్పడమే చాలా ఏళ్లుగా నా పని. అమ్మమ్మగారి ఊరు రాయగడ కావడంతో కొండల వైపు నీళ్లూ చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మ్యాపులో ఇవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ బరంపురం నుంచి రాయగడ మీదుగా కోరాపుట్ చేరాలంటే మూడు వందల కిలోమీటర్ల పైమాటే, అందులో చాలా భాగం ఘాట్ రోడ్డు. ఒక పగలంతా కారులోనే గడిచిపోతుంది. కోరాపుట్ దగ్గరి జయపురం నుంచి డుడుమ సుమారు 70 కిలోమీటర్లు ఒక దిక్కు, గుప్తేశ్వర్ 60 దాకా ఇంకో దిక్కు, బలిమెల మూడో దిక్కు. పెద్దావిడ మోకాళ్లకు ఇది శిక్ష. పిల్లలకు వాంతులు.

అయితే దూరం కన్నా పెద్ద కారణం కాలం. గుడికి ఎప్పుడు వెళ్లినా దేవుడు అక్కడే ఉంటాడు. నీటి దగ్గర అలా కాదు, దేని నెల దానిది. చిలికాకు పక్షులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి. జలపాతాలు వానలు వెనక్కి తగ్గాక, అంటే అక్టోబరు, నవంబరు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు సెలవులు చూసుకుని తర్వాత చోటు ఎంచుకుంటారు. నేను మాత్రం నెల చెప్పండి, ఎక్కడికి వెళ్లాలో నేను చెబుతాను అంటాను. మీ నెల జనవరి కాబట్టి మీ చోటు చిలికా, అందులో సందేహం లేదు.

ఇక చిలికా విషయం. ఇది ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సు. ఉత్తరాన దయా, భార్గవి లాంటి మహానది పాయలు మంచినీరు తెచ్చి పోస్తాయి, తూర్పున సముద్రం లోపలికి వస్తుంది. వానాకాలంలో విస్తీర్ణం 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, ఎండాకాలంలో బాగా తగ్గుతుంది. ఇంత పెద్ద సరస్సును ఒక్కపూటలో చూసేయాలని చూడకండి. ఎక్కడ బోటు ఎక్కుతారో దాన్ని బట్టి మీరు చూసే చిలికా మారిపోతుంది. చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సాతపడా పూరీ వైపు ఉంది. డాల్ఫిన్లు కనిపించేది ముఖ్యంగా అక్కడే, ఎందుకంటే సముద్రం నుంచి చేపలు వచ్చిపోయే కాలువ అటే ఉంది. ఇవి ఇరావాడి డాల్ఫిన్లు, గుండ్రటి తల, పొట్టి ముక్కు. సినిమాల్లోలా గాల్లోకి ఎగరవు, వీపు కాస్త చూపించి మునిగిపోతాయి. పిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకెళ్లాలి. బాలుగావ్ పక్కన బర్‌కుల్‌లో బోటు ఎక్కితే కాళీజాయి గుడి దీవి, నలబాణ పక్షుల దీవి వైపు వెళ్లొచ్చు. మన వైపు నుంచి వెళ్తే ముందు తగిలేది రంభ. ఇది గంజాం జిల్లాలోనే, జాతీయ రహదారి పక్కనే, బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి నేను చెప్పేది రంభ. సరస్సు దక్షిణపు కొస ఇది. చుట్టూ తూర్పు కనుమల కొండలు నీళ్ల దాకా దిగి వస్తాయి, ఉత్తరం వైపులా బురద ఉండదు, నీరు తేటగా ఉంటుంది. దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి రెండు గంటల్లో తృప్తిగా తిరిగి రావచ్చు. ఖల్లికోట రాజుల కాలపు కట్టడం మిగిలిన బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, రాళ్ల గుట్టలతో ఘంటశిల, నీళ్ల మధ్య ఒక బండ మీద కట్టిన స్తంభం. బర్కుడా దీవిలో కాళ్లు లేని ఒక రకం నలికిరి ఉంటుంది. దాని శాస్త్రీయ నామం కూడా ఆ దీవి పేరు మీదే పెట్టారు. చూడగానే పామనుకుంటారు, కాదు. అది కంటబడటం అరుదు గానీ, ఆ కథ చెబితే పిల్లలు బోటులో ఉన్నంతసేపూ ఆ దీవి వైపే చూస్తూ కూర్చుంటారు.

రంభ ఒడ్డునే ఒక పాత కోట లాంటి భవనం కనిపిస్తుంది. 1790ల మొదట్లో గంజాంలో ఈస్టిండియా కంపెనీ కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించింది. తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియా మాట్లాడేవాళ్లందరినీ ఒకే పాలన కిందకు తేవాలన్న ఉద్యమానికి తొలి మంతనాలు జరిగిన ఇళ్లలో అదొకటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురంలో ఇప్పటికీ ఏ కొట్లోకి వెళ్లినా మీ తెలుగు చెల్లుతుంది. రంభలోనూ కొందరు బోటువాళ్లు తెలుగు మాట్లాడతారు.

బోటు ఎప్పుడు ఎక్కాలి? తెల్లవారాక ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా. జనవరిలో పొద్దున గాలి ఉండదు, నీరు నిలకడగా ఉంటుంది, పక్షులు మేతలో ఉంటాయి. పదకొండు దాటితే ఎండ నీళ్ల మీద పడి కళ్లు తెరవనివ్వదు. మధ్యాహ్నానికి గాలి లేచి బోటు ఊగడం మొదలైతే పెద్దవాళ్లకు భయమేస్తుంది. ఒక్కోరోజు పొగమంచు దట్టంగా పడుతుంది. అది విడేదాకా బోటు తీయనంటే ఆ బోటువాడి మాట వినండి. డబ్బు ఎక్కువిస్తామని తొందరపెట్టకండి.

స్థానికులు భుట్‌భుటి అనే ఇంజను పడవలే ఎక్కువ. ఎక్కే ముందు మూడు సంగతులు ఖాయం చేసుకోవాలి: రేటు మొత్తం బోటుకా మనిషికా, ఎంతసేపు, ఏయే దీవులు. తర్వాత గొడవలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి. లైఫ్ జాకెట్ ఒంటి మీద కట్టుకున్నాకే బోటు కదలాలి, పిల్లలకు పిల్లల సైజుదే కావాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది. చిలికా చాలాచోట్ల మనిషి లోతే అని ధైర్యం చెబుతారు. అది నిజమే గానీ, అడుగున బురద ఉన్నచోట కాళ్లు దిగబడతాయి, మనిషి లోతు అన్నది పిల్లలకు వర్తించదు.

అమ్మగారి సంగతి. జెట్టీ మెట్ల నుంచి బోటులోకి అడుగు వేయడమే అసలు కష్టం, లోపల కూర్చున్నాక ఏ ఇబ్బందీ ఉండదు. మాతో వచ్చిన ఒక పెద్దావిడకు మోకాళ్లు అసలు వంగేవి కావు. బోటువాళ్లు ఇద్దరు ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా ఎక్కించారు. రెండు గంటలు కదలకుండా కొంగల్ని చూస్తూ కూర్చుంది. దీవుల్లో దిగనక్కర్లేదు, మిగతావాళ్లు దిగి వచ్చేదాకా ఆవిడ బోటులోనే ఉండొచ్చు. బోటులో బాత్‌రూమ్ ఉండదని గుర్తుంచుకుని ఎక్కే ముందే ఒడ్డున పని చూసుకోవాలి. మంకీ క్యాప్, శాలువా తప్పనిసరి. నీళ్ల మీద చలి ఊళ్లో కంటే ఎక్కువ.

పక్షులు మీ అసలు ఉద్దేశమైతే నలబాణ. సుమారు 15 చదరపు కిలోమీటర్ల లోతట్టు దీవి, వానాకాలంలో నీళ్లలో మునిగి చలికాలానికి బయటపడుతుంది. 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. సైబీరియా నుంచీ, మంగోలియా, కాస్పియన్ వైపు నుంచీ బాతులు, ఉల్లంకులు, ఇంకా రాజహంసలు వస్తాయి. దీవి మీద దిగనివ్వరు, దూరం నుంచే చూడాలి. అందుకే బైనాక్యులర్ లేకుండా వెళ్తే నీళ్ల మీద నల్లటి చుక్కలు చూసి వచ్చినట్టే ఉంటుంది. దగ్గరగా చూడాలంటే మంగళాజోడి వెళ్లాలి. ఖుర్దా జిల్లాలో టాంగి దగ్గర, రంభ నుంచి ఇంకో గంట పైగా ప్రయాణం. అక్కడ ఇంజను లేని పడవలు, గెడతో తోస్తారు. ఒకప్పుడు అదే ఊరివాళ్లు పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్లు, ఇప్పుడు వాళ్లే కాపలాదారులు, వాళ్లే గైడ్లు. చిలికా మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఆ ఊరి మీద. మీ పిల్లల వయసుకు పక్షి దగ్గరగా కనిపిస్తేనే సరదా, కాబట్టి మూడో రోజు ఓపిక ఉంటే వెళ్లి రండి.

సంక్రాంతి రోజు మాత్రం కాళీజాయి వైపు వెళ్లకండి. మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర. బోటు కోసం గంటల తరబడి లైను, రోడ్డంతా బండ్లు. పెళ్లయి అత్తవారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే పిల్ల తుఫానుకు నీళ్లలో మునిగిపోయిందనీ, ఆమే ఈ అమ్మవారు అయిందనీ చెప్పుకుంటారు. చేపల వేటకు వెళ్లే ప్రతి పడవా ఆమెకు మొక్కుకునే వెళ్తుంది. భక్తితో వెళ్లాలనుకుంటే 12వ తేదీ లోపు, లేదా 16 తర్వాత వెళ్లండి. ప్రశాంతంగా దర్శనం అవుతుంది.

ఈ సరస్సు ఇవాళ ఇలా ఉండటం దానంతట అది జరగలేదు. 1981లో మన దేశంలో మొదటిసారి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిన రెండు చోట్లలో చిలికా ఒకటి. తర్వాత సరస్సు సముద్రంలోకి తెరుచుకునే నోరు పూడుకుపోతూ వచ్చింది, ఉప్పు తగ్గింది, గుర్రపుడెక్క లాంటి కలుపు పెరిగింది, రొయ్యలు, చేపలు పడిపోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త నోరు తవ్వారు. రెండేళ్లకే, 2002లో, ఆ ప్రమాదపు జాబితా నుంచి బయటపడింది. ఒడ్డు ఊళ్లలో ముసలి జాలర్లను అడగండి, ఆ కొత్త నోరు తెరిచాక వలలు ఎలా బరువెక్కాయో చెబుతారు. అందుకే మిమ్మల్ని ఒకటి గట్టిగా కోరుతున్నాను: ప్లాస్టిక్ ప్లేట్లు, చిప్స్ కవర్లు నీళ్లలో వేయనివ్వకండి. వేసే చేయి మీ బోటులోనిదైనా పక్క బోటులోదైనా ఆపండి.

గోపాల్‌పూర్ బరంపురానికి 15 కిలోమీటర్లు. మొదటి రోజు సాయంత్రం అక్కడ గడపండి. ఒకప్పుడు ఇది రేవు. బర్మాకు సరుకులు, కూలీలు ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్లేవి. మీ శ్రీకాకుళంలో ముసలివాళ్లు తాత రంగం (రంగూన్) వెళ్లాడని చెబుతారే, ఆ వెళ్లినవాళ్లలో కొందరు ఎక్కింది ఈ ఒడ్డునే. పాత కట్టడాల గోడలు కొన్ని ఇప్పటికీ ఇసుక పక్కన నిలిచి ఉన్నాయి. లైట్‌హౌస్ సాయంత్రం పూట కొద్దిసేపు తెరుస్తారు. అమ్మగారికి ఆ మెట్లు వద్దు, ఒడ్డున సిమెంటు బల్లల మీద కూర్చోబెట్టండి.

గోపాల్‌పూర్ సముద్రం చూడటానికి, స్నానానికి కాదు. ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. విశాఖ బీచ్‌లో మోకాలి లోతులో నిలబడే అలవాటు ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ పొరబడతారు. ఇక్కడి జాలర్లను నులియాలంటారు. వాళ్లింట్లో మాట తెలుగే, మన వాడబలిజ, జాలారి కుటుంబాలే. మా బండిలో వచ్చిన కాలేజీ కుర్రాళ్లలో ఒకణ్ని కెరటం లాక్కుపోతుంటే ఒక నులియా దూకి జుట్టు పట్టుకుని ఒడ్డుకు తెచ్చాడు. ఒడ్డున ఉన్న నులియాను అడగండి, ఈ పూట నీరు ఎలా ఉందో ఆయన చెప్పినంత కచ్చితంగా ఫోను చెప్పదు. పిల్లలకు తడవాలనే ఉంటే చేయి పట్టుకుని చీలమండ లోతు, అంతే.

వచ్చే దారిలో ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది దాటుతారు. గజపతి కొండల్లో పుట్టి, మన రాష్ట్రంలోకి వచ్చి, మళ్లీ ఒడిశాలోకి వెళ్లి సునాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. సునాపూర్ ఒడ్డున జనం తక్కువ. సమయం ఉంటే ఓ గంట ఆగండి, లేకపోతే నష్టం లేదు.

ఛత్రపురం పక్కనే తంపర సరస్సు ఉంది. ఇది మంచినీటిది, వాననీరు చేరి నిండిన పల్లం. 2022లో రామ్‌సర్ గుర్తింపు ప్రకటించారు. పెడల్ బోట్లు, పార్కు, నీడ ఉన్నాయి. చిలికాలో పిల్లలు బుద్ధిగా కూర్చోవాలి, ఇక్కడ గెంతొచ్చు. రంభ నుంచి తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం ఆగితే సరిపోతుంది.

దాని దగ్గర్లోనే ఋషికుల్య సముద్రంలో కలుస్తుంది. ఆ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయని లెక్క. అయితే మీరు వచ్చే జనవరిలో అవి ఇంకా సముద్రంలోనే ఉంటాయి, ఒడ్డున ఏమీ కనిపించదు. కొన్ని ఏళ్లు గుంపుగా రానే రావు. గుడ్లు పెట్టిన 45, 50 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి, అది కూడా రాత్రి పూట, తెల్లవారుజామున. ఎప్పుడైనా చూడటానికి వస్తే టార్చి, ఫోను లైటు, ఫ్లాష్ వాడకూడదు. తాబేలు పిల్ల సముద్రం మీది వెలుతురును చూసి నడుస్తుంది, మీ లైటు చూస్తే ఊరి వైపు నడిచి చచ్చిపోతుంది. పురుణబంధ, గోఖరకుడా ఊళ్ల కుర్రాళ్లు రాత్రుళ్లు మేలుకుని ఆ పిల్లల్ని బుట్టల్లో ఏరి నీళ్లలో వదులుతారు. వాళ్ల మాట విని నడుచుకోండి.

తప్తపాణి బరంపురం నుంచి 50 కిలోమీటర్లు, కొండ మీద గంధకపు వేడినీటి ఊట. అసలు కుండాన్ని పూజిస్తారు, అందులో దిగరు. స్నానానికి ఆ నీరు వేరే చోటికి తీసుకొస్తారు. జనవరి చలిలో అమ్మగారి మోకాళ్లకు ఇది హాయి. ఒక్క జాగ్రత్త: షుగరు ఉంటే పాదాలకు వేడి సరిగ్గా తెలియదు, ముందు మీరు చేయి పెట్టి చూసి తర్వాత ఆవిడ కాళ్లు పెట్టించండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే నడుము దాకా మునగడం వద్దు, పాదాలు చాలు. అక్కడి నుంచి ముందుకు వెళ్తే గజపతి జిల్లాలో చంద్రగిరి, జీరంగ బౌద్ధ ఆరామం. పిల్లలకు నచ్చుతుంది, నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరితేనే.

మీ వరసలో పెడితే ఇలా. మొదటి రోజు పొద్దున శ్రీకాకుళంలో బయల్దేరి మధ్యాహ్నానికి బరంపురం, సాయంత్రం గోపాల్‌పూర్. రెండో రోజు పొద్దున నెమ్మదిగా రంభ చేరి, సాయంత్రం ఒడ్డున తిరిగి, రాత్రి అక్కడే పడుకోండి. మూడో రోజు తెల్లవారుజామున బోటు. ఈ ఒక్క పని కోసమే రంభలో రాత్రి ఉండమంటున్నాను, బరంపురం నుంచి వెళ్తే ఆ పొద్దు దొరకదు. మధ్యాహ్నం మంగళాజోడి గానీ తంపర గానీ, రెండూ వద్దు. నాలుగో రోజు తప్తపాణి, అటు నుంచి ఇల్లు. సంక్రాంతి సెలవుల్లో గదులు ముందే నిండిపోతాయి. రంభ, బర్‌కుల్ పంథనివాస్‌లు ఇప్పుడే బుక్ చేసుకోండి. పంథనివాస్ అంటే ఒడిశా టూరిజం వాళ్ల బస.

భోజనం సంగతి అడగలేదు గానీ చెబుతున్నాను. రంభ, బాలుగావ్‌లలో రొయ్యలు, పీతలు తాజావి దొరుకుతాయి. దీవుల దగ్గర ఎండలో పెట్టి అమ్మేవి మాత్రం పిల్లలకు పెట్టకండి. బోటు ఎక్కే ముందు కడుపు నిండా తినొద్దు.

ఇప్పుడు మీరు వదిలేసే చోట్ల గురించి, వచ్చే అక్టోబరు కోసం.

డుడుమ మాచ్‌ఖండ్ నది మీద, సరిగ్గా రెండు రాష్ట్రాల హద్దులో ఉంది. నీరు సుమారు 175 మీటర్లు కిందికి దూకుతుంది. అయితే జలపాతానికి పైనే నీటిని కరెంటు కోసం మళ్లిస్తారు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. జోలాపుట్ డ్యాములో నిల్వ చేసిన నీరే దానికి ఆధారం. అందువల్ల వానలు పోయాక జలపాతం రోజురోజుకూ సన్నబడుతుంది. ఏప్రిల్‌లో తీసుకెళ్లి తీరాలని ఒక విశాఖ కుటుంబం పట్టుబట్టింది. నేను వద్దన్నా వెళ్లారు. అంత దూరం వెళ్లి బండల మీద తెల్లటి దారం లాంటి ధార చూసి పిల్లలు ముఖం చిన్నబుచ్చుకున్నారు. అక్టోబరులో అదే లోయ మొత్తం నీటి పొగతో నిండిపోతుంది. గురువారం వెళ్తే దగ్గర్లో ఒనకఢిల్లీ సంత చూడొచ్చు. కొండల నుంచి బోండా గిరిజనులు దిగి వస్తారు. వాళ్లు మన కోసం అలంకరించుకు రాలేదు, ఉప్పూ నూనే కొనుక్కోవడానికి వచ్చారు. అడగకుండా ఫోటోలు తీయకండి.

గుప్తేశ్వర్ సున్నపురాయి గుహలో శివుడు, కింద కొలాబ్ నది. దిగువన ఇదే శబరి అయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. గుహకు మెట్లు చాలా ఉన్నాయి, అమ్మగారికి కష్టం. శివరాత్రికి విపరీతమైన జనం. కోరాపుట్, జయపురం మధ్య ఎగువ కొలాబ్ జలాశయం మాత్రం కారు దిగి పది అడుగులు వేస్తే కనిపిస్తుంది, పెద్దవాళ్లకు అనువైనది. మీరు శ్రీకాకుళం నుంచి ఈ వైపు వెళ్లేటప్పుడు బరంపురం అసలు రావద్దు. విజయనగరం, సాలూరు, సుంకి ఘాట్ మీదుగా నేరుగా కోరాపుట్ చేరండి.

రాయగడలో ఆగితే నాగావళి మీద చెకాగుడ వేలాడే వంతెన, ఏనుగుల్లాంటి బండలున్న హాతిపథర్, మజ్జిగౌరమ్మ గుడి ఒక పూట పని. నది బండల మీద కూర్చోవడం బాగుంటుంది, కానీ వానాకాలంలో వద్దే వద్దు. ఈ నదులు పొడవు తక్కువ, కొండలు నిటారు. పైన వాన పడితే కొద్ది గంటల్లో నీరు మీద పడుతుంది, మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే. 2017 జులైలో ఇలాగే వరద వచ్చి తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. కొండల్లో నీటి రంగు ఎర్రగా మారితే, ఆకులూ పుల్లలూ తేలి వస్తుంటే, సామాను వదిలేసైనా వెంటనే గట్టెక్కండి. డ్యాముల కింద ఏ నెలలోనూ దిగకండి, గేట్లు ఎత్తితే మీకు చెప్పేవాళ్లు ఉండరు.

బలిమెల మల్కన్‌గిరి జిల్లాలో సీలేరు నది మీద. చిత్రకొండ వైపు నుంచి చూస్తే కొండల మధ్య ఎటు చూసినా నీరే. ఆ నీటి వెనక చిక్కుకుపోయిన ఊళ్లు దశాబ్దాల పాటు లాంచీల మీదే ఆధారపడ్డాయి. 2018 జులై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచాకే అక్కడికి రోడ్డు మీద బండి వెళ్లింది. ఆ వంతెన మీద నిలబడి చూడటానికే నేను కొందరిని తీసుకెళ్తుంటాను. ఇంకా కిందికి వెళ్తే మోటు దగ్గర సీలేరు, శబరి కలుస్తాయి. ఒక ఒడ్డు ఒడిశా, ఒకటి ఆంధ్రా, ఒకటి ఛత్తీస్‌గఢ్. వసతులు తక్కువ, కాబట్టి చీకటి పడే ముందు బసకు చేరేలా చూసుకోవాలి. చిన్నపిల్లలతో మొదటిసారే అక్కడికి వద్దు.

గండాహతి జలపాతం మీ జాబితాలో లేదు, ఉండాల్సింది. పర్లాకిమిడి నుంచి అరగంట, ముప్పావుగంట. మీకు పాతపట్నం మీదుగా ఒక్క ఆదివారం చాలు, అక్టోబరులో పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. కొండల యాత్ర ముందు అమ్మగారికి మెట్లు, బండలు ఎంతవరకు పడతాయో అక్కడే తెలుస్తుంది.

అక్టోబరు అన్నాను కాబట్టి ఇంకో మాట. మన తీరానికి తుఫాన్లు ఆ నెల్లోనే ఎక్కువ. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి కొండలను కూలదోసింది. అందుకే దసరాకు కాకుండా నెలాఖరుకు పెట్టుకోండి, డబ్బు తిరిగి ఇచ్చే గదులే బుక్ చేయండి, బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. జనవరి యాత్రకు ఆ భయం లేదు. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారంలో కాళీజాయి రద్దీ ఎలా ఉందో, రంభలో ఏ జెట్టీ అమ్మగారికి తేలికో కనుక్కుని చెబుతాను.